నాలుగు నిమిషాల దూరం

ఈ ఉదయం మా వీధిలోకి మురుగుకాలువ సర్వే వాళ్ళు వచ్చారు. నేను వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాను. చదువుతున్నానని మా ఆవిడ అనుకుంటోంది గానీ, నిజానికి పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కునుకు తీస్తున్నాను. ఇంతలో చెక్క మీద సుత్తి పడిన చప్పుడు వినిపించింది. మూడు దెబ్బలు గట్టిగా, నాలుగోది మెల్లిగా. ఆ వెనకే ఎర్ర ఎనామెల్ రంగు వాసన వచ్చింది. నేలలో దిగ్గొట్టిన పెగ్గు నెత్తికి రంగు పూస్తున్నారన్నమాట. పెగ్గు అంటే మీరనుకునేది కాదు, సర్వే వాళ్ళు హద్దు కోసం పాతే చెక్క మేకు. ఆ వాసన తగలగానే నాకు మా వీధి కనబడలేదు. దోహా శివార్లలో ముఐథర్ ఇళ్ళు దాటాక పరుచుకున్న బూడిదరంగు నేలా, దాని మీద మెలికలు తిరుగుతూ పోయే ఎర్ర చుక్కల వరసా, వాటి పక్కన లేని నదిలో పడిపోకుండా జాగ్రత్తగా పరుగెత్తుతున్న యాభై దాటిన మనిషీ కనబడ్డారు. ఆయన పేరు దక్షిణామూర్తి గారు. మేమంతా మూర్తి సార్ అనేవాళ్ళం.

తొంభైల మొదట్లో, కాకినాడలో ఇంజనీరింగ్ ముగించి, ఇంకా చేతికి సరిగ్గా వాచీ అయినా లేని రోజుల్లో నేను దోహా వెళ్ళాను. అల్ మన్సూరాలో ఒక ఫ్లాట్‌లో మరో ముగ్గురితో కలిసి ఉండేవాణ్ణి. మా కంపెనీ రోడ్లకీ కాలువలకీ సర్వే చేసేది. మూర్తి సార్ సర్వే విభాగానికి పెద్ద. విజయనగరం మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎండకి కమిలిన ముక్కుతో ఉండేవారు. కోపం రాదు, నవ్వూ రాదు. ఆయన మనసులో ఏముందో తెలుసుకోవాలంటే ఇంకో జన్మ ఎత్తాలని ఆఫీసులో చెప్పుకునేవారు. మూడేళ్ళు ఆయన దగ్గర పనిచేసిన నాకు ఈ జన్మే చాల్లేదు.

చేరిన మొదటివారం ఫీల్డ్ బుక్‌లో ఒక అంకె తప్పు రాసి, రబ్బరుతో చెరిపి, శుభ్రంగా మళ్ళీ రాశాను. నా శుభ్రత చూసి మెచ్చుకుంటారనుకున్నాను. మూర్తి సార్ ఆ పేజీని వెలుతురుకి పట్టి చూశారు.

"రబ్బరు ఎక్కడ కొన్నావోయ్ శేషూ?"

"మన్సూరాలోనే సార్, మా ఇంటి కింద కొట్లో."

"తిరిగి ఇచ్చెయ్. పుచ్చుకోకపోతే అక్కడే వదిలేసి రా."

తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. "తప్పు రాయడం తప్పు కాదు. రాసింది కనబడకుండా చెయ్యడం తప్పు. ఒక్క గీత కొట్టు. కింద పాత అంకె కనబడుతూనే ఉండాలి. పైన సరైనది రాయి, పక్కన సంతకం పెట్టు, తేదీ వెయ్యి. రేపు చదివేవాడికి నువ్వు ఎక్కడ పొరబడ్డావో తెలియాలి కదా." ఫీల్డ్ బుక్‌లో ప్రతి పేజీ అడుగునా రెండు ఖాళీలు ఉండేవి. ఒకటి కొలిచినవారి సంతకానికి, రెండోది సరిచూసినవారి సంతకానికి. రెండు చోట్లా నేనే సంతకం పెట్టబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు కొలిచింది నువ్వే మళ్ళీ కొలిస్తే ఒక్కసారి కొలిచినట్టే లెక్క. మొదటిసారి మోసపోయిన కన్నే రెండోసారీ మోసపోతుంది. సరిచూడ్డానికి వేరే చెయ్యి కావాలి." నేను తలాడించాను. ఇందులో ఇంత గంభీరంగా చెప్పవలసింది ఏముందో మాత్రం తెలియలేదు.

ఆ ఏడు చలికాలం మొదలవుతుండగా ఆయన నన్ను పిలిచి ఒక పాత ఫీల్డ్ బుక్ చేతిలో పెట్టారు. ఆకుపచ్చ గుడ్డ అట్ట, అంచులు చిరిగాయి. గళ్ళ మీద శీర్షికలు ఏదో యూరప్ భాషలో ఉన్నాయి, అంకెలు మాత్రం మూర్తి సార్ చేతివే. చివరి పేజీ తెరిచి చూపించారు. "ఇందులో దూరాలూ మలుపుల కోణాలూ ఉన్నాయి. శుక్రవారం పోశెట్టిని తీసుకెళ్ళి ముఐథర్ అవతల చదును నేల మీద ఈ దారి వేసిపెట్టు. మొదటి పెగ్గు మీద వంతెన అని రాయి. చివరిదాని మీద అంచు అని రాయి."

"ఏ ప్రాజెక్టు సార్ ఇది?"

"ప్రాజెక్టు కాదు," అని ఊరుకున్నారు.

పోశెట్టి మా చైన్‌మన్, అంటే కొలిచేటప్పుడు టేపు రెండో కొస పట్టుకునేవాడు. నిజామాబాద్ జిల్లా వాడు, యాభైకి దగ్గర పడ్డవాడు, గల్ఫ్‌లో నాకన్నా పదేళ్ళు సీనియరు. సెలవురోజు డ్యూటీ అనేసరికి అతనికి ఒళ్ళు మండింది. ఇద్దరం పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా పెగ్గులు కొట్టాం. దారి నిటారుగా పోదు. పాతిక అడుగులు ఇటు, నలభై అడుగులు అటు, మళ్ళీ వెనక్కి తిరిగినట్టే తిరిగి ముందుకి. నేనేమో పుస్తకంలో చివరి గడిలోని అంకెలు చదువుతున్నాను, పోశెట్టి టేపు లాగుతున్నాడు. మొత్తం ఎనిమిది వందల డెబ్బై మీటర్లు వచ్చింది.

"గిది తొవ్వనా, పాము పోయిన జాడనా శేషు సార్?" అన్నాడు పోశెట్టి చివరి పెగ్గు దగ్గర కూలబడి. "వంతెన అని రాస్తిరి. మోయ మాఫీ. నీళ్ళే లేని కాడ వంతెన ఎందుకు?"

నాకూ అదే అనుమానం. సాయంత్రం మూర్తి సార్ వచ్చి ఆ దారంతా ఒకసారి నడిచారు. చివరి పెగ్గు దగ్గర చాలాసేపు నిలబడి, "ఊఁ" అన్నారు. అది బాగుందన్న ఊఁనో, బాగాలేదన్న ఊఁనో నాకు బోధపడలేదు.

మరుసటి శుక్రవారం తెల్లవారుతూనే ఆయన కాన్వాస్ బూట్లు వేసుకుని వచ్చారు. నా చేతికి స్టాప్ వాచీ ఇచ్చి అంచు దగ్గర నిలబెట్టి, తను వంతెన పెగ్గు దగ్గరికి వెళ్ళి, చెయ్యి ఊపి యల్లా అని కేకేశారు. పరుగు మొదలైంది. మూడో పెగ్గు దగ్గర ఉన్నట్టుండి తల వంచి నడుం దాకా కుంగి, దాటాక మళ్ళీ లేచారు. ఆ తర్వాత కుడిచెయ్యి చాచి గాలిలో దేన్నో పట్టుకుంటూ, ఒక్కో అడుగూ పక్కపక్కగా వేస్తూ కొంతదూరం పోయారు. మళ్ళీ పరుగు. అంచు అని రాసిన పెగ్గు దగ్గర ఆగి, "ఎంత?" అన్నారు. నాలుగు నిమిషాల నలభై సెకన్లు. ఆకుపచ్చ పుస్తకం చివరి పేజీలో, నేను రాసిన ఎనిమిది వందల డెబ్బై పక్కన, ఆ అంకె రాసుకున్నారు. ఎండ ఎక్కకముందే ఇంటికి వెళ్ళిపోయాం. పోశెట్టి దారిలో నా చెవిలో, "సారుకు ఎండ కొట్టింది, ఎవలకన్న జెప్పరాదు?" అన్నాడు. అది చలికాలం, సూర్యుడు ఇంకా సరిగ్గా లేవనే లేదు.

తర్వాత్తర్వాత, వాచీ పెట్టిన పరుగు అయ్యాక, ఇంకోసారి నన్నూ వెనక పరుగెత్తమన్నారు. కాలక్షేపానికి కాబోలనుకున్నాను గానీ, ఆయన ప్రతి పెగ్గు దగ్గరా నాకు హెచ్చరికలు చేసేవారు. "ఇక్కడ బండ ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, తల వంచు. ఇక్కడ దారి జానెడే, కొండకి కట్టిన ఇనప తాడు పట్టుకో. ఎడమ పక్కకి రాకు, కింద నది." నేను ఎడమ పక్కకి చూసేవాణ్ణి. దూరంగా ఎవరిదో మేకల దొడ్డి, ఒక పాడుబడ్డ నీళ్ళ ట్యాంకరు ఉండేవి. ఒకచోట మాత్రం ఆయన నా మీద అరిచేవారు. పదో పెగ్గు నుంచి పద్నాలుగో పెగ్గు దాకా గొంతు చించుకుని మాట్లాడి, అది దాటగానే మామూలు గొంతుకి వచ్చేసేవారు. నేనేదో తప్పు చేశానని రెండు వారాలు కుమిలిపోయి, చివరికి అడిగేశాను.

"అక్కడ రెండు కొండలూ దగ్గరకొస్తాయోయ్. నీళ్ళ హోరుకి పక్కనున్నవాడి మాట వినబడదు. అలవాటైపోయింది," అన్నారు, కాస్త సిగ్గుపడుతూ.

అప్పుడే మొదటిసారి ఆ నది గురించి చెప్పారు. పాతికేళ్ళ వయసులో ఆయన్ని శిక్షణకని ఆస్ట్రియా పంపారట. మంచుకొండల మధ్య ఆనకట్ట కోసం ఒక నదిని సర్వే చేసే పని. కొండరాయి అరిగి కలిసిన నీళ్ళు పలచటి సున్నపు తేటలా ఉండేవట. పగలు మంచు కరిగి సాయంత్రానికి నది పొంగేదట. లోయలో చల్లగాలి కింది నుంచి పైకి వీచేదట. పని అయ్యాక ప్రతి సాయంత్రం ఆ నది పక్కన, కొండని తొలిచి వేసిన కాలిబాట మీద పరుగెత్తేవాళ్ళమని చెప్పారు. పరుగెత్తేవాళ్ళమన్న మాటలో రెండోవాడు ఎవరో అప్పుడు చెప్పలేదు. నేనూ అడగలేదు. మూర్తి సార్‌ని అడిగి ఏదైనా తెలుసుకోవడమంటే గోడకి చెవి ఆనించి వినడమే.

ఆయన ఇల్లు అల్ ముంతజాలో ఉండేది. ఒకసారి కాగితాలు ఇవ్వడానికి వెళితే ఆయన స్నానం చేస్తున్నారు. ఆయన భార్య సుభద్రమ్మ గారు కాఫీ ఇచ్చి, గొంతు తగ్గించి అడిగారు. "బాబూ, శుక్రవారం శుక్రవారం మీరంతా ఎక్కడికి వెళుతున్నారు?"

"పరుగుకండీ. వ్యాయామం."

"వ్యాయామం చేసినవాళ్ళు నిద్రపోతారు కదా నాయనా. ఈయన నిద్దట్లో అంకెలు లెక్కపెడతారు. పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నాను. రెండు వందల నలభై దాకా వచ్చి ఆగిపోతారు. ఎందుకండీ అంటే మాట మార్చేస్తారు. నీకేమైనా తెలుసా?"

నాకేం తెలుసు? ఆవిడకి పాతికేళ్ళుగా తెలియనిది నాకు మూడు నెలల్లో తెలుస్తుందా? కానీ ఆ రోజు నుంచి పరుగుని చూసే తీరు మారింది. నాలుగు నిమిషాల నలభై, నాలుగు ఇరవై అయింది, నాలుగు పన్నెండు అయింది. ప్రతి శుక్రవారం కొన్ని సెకన్లు తగ్గుతున్నాయి. మామూలుగా పరుగెత్తేవాడు సమయం తగ్గితే సంతోషిస్తాడు. ఈయన ముఖం ఇంకా వాడిపోయేది. పోనీ, అంత బాధగా ఉంటే నెమ్మదిగా పరుగెత్తవచ్చు కదా? అలా కాదు, వచ్చేవారం ఇంకా ప్రాణం పెట్టి పరుగెత్తేవారు. గెలవాలని ఉందో ఓడిపోవాలని ఉందో తెలియని మనిషికి వాచీ పట్టుకుని నిలబడడం నాకు చచ్చే చావుగా ఉండేది.

జనవరిలో ఒక శుక్రవారం నాలుగు నిమిషాల మూడు సెకన్లు వచ్చింది. నేను ఆ అంకె చెప్పేలోపే ఆయన అంచు పెగ్గు పక్కన మోకాళ్ళ మీద కూలిపోయారు. చెయ్యి గుండె మీద ఉంది, పెదవులు నల్లబడ్డాయి. నేనూ పోశెట్టీ ఆయన్ని పికప్ నీడకి మోసుకొచ్చి పడుకోబెట్టాం. ఆసుపత్రికి పోదామంటే వద్దని చెయ్యి ఊపారు. ఫ్లాస్కులో టీ రెండు గుటకలు తాగాక మనిషి నిమ్మళించారు. పోశెట్టి ఇక ఊరుకోలేకపోయాడు.

"సార్, తప్పుగ అనుకోకుండ్రి. గిట్లనే ఉరికితే మీరు పాణం మీదికి తెచ్చుకుంటరు. ఏం జేద్దామని గింత తిప్పలు? మేం గూడ మనుషులమే గద, మాకు జెప్పుండ్రి."

మూర్తి సార్ పికప్ చక్రానికి ఆనుకుని, మా ముఖాలు చూడకుండా చెప్పారు.

ఆస్ట్రియాలో ఆయన టేపుకి రెండో కొస పట్టినవాడి పేరు ఫ్రాంజ్. ఆయన కొలిచిన ప్రతి పేజీనీ సరిచూసి సంతకం పెట్టినవాడు. సాయంత్రం పరుగులో తోడు. మూర్తి సార్ ముందు, ఫ్రాంజ్ వెనక. ఫ్రాంజ్‌కి ఒక ఆట ఉండేదట. వెనక నుంచి కొండలు మారుమోగేలా అరిచి ఈయన్ని ఆపి, ఈయన ఆగగానే నవ్వుతూ వచ్చి దాటిపోయేవాడు. ఒక సాయంత్రం ఈయన వంతెన మీద ఉండగా ఆ అరుపు వినబడింది. ఈసారి మోసపోనులే అనుకుని ఈయన ఆగలేదు. దారి చివరికి వెళ్ళి, బూటు లేసులు విప్పి, మళ్ళీ కట్టుకుని, రాళ్ళు ఏరి నదిలో విసురుతూ కూర్చున్నారు. ఫ్రాంజ్ రాలేదు. తిరిగి వెళ్ళి చూసేసరికి అంచు దగ్గర ఇనప తాడు తెగి వేలాడుతోంది. అవతలి గట్టున గడ్డి కోస్తున్న ఒక ఆవిడ అంతా చూసింది. జారిపడినవాడు నీళ్ళలో ఒక బండ పట్టుకుని నాలుగు నిమిషాలు ఉన్నాడనీ, ఆ తర్వాత చేతులు వదిలేశాడనీ చెప్పింది.

"నాలుగు నిమిషాలు," అన్నారు మూర్తి సార్. "అరుపు విన్న వంతెన దగ్గర్నుంచి అంచు నేరుగా దగ్గరే, మెలికల దారిలో మాత్రం ఎనిమిది వందల చిల్లర మీటర్లు. అప్పుడే వెనక్కి తిరిగి ఉంటే అందేవాణ్ణా, అందేవాణ్ణి కాదా? అంతేనోయ్. అది తెలియాలి."

పోశెట్టి ఫ్లాస్కు మూత బిగించాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "సార్, గాడ బండలు, గీడ చదును. అప్పుడు మీరు పడుసోళ్ళు, ఇప్పుడు ముసలోళ్ళయితిరి. గీ ఉరుకుడుకు, గా ఉరుకుడుకు లెక్క ఎట్ల కలుస్తది?"

"అప్పుడు ఆ బండల మీద నా వేగం ఎంతో, ఇప్పుడు ఈ చదునులో నా వేగం అంతే. ఒకటికొకటి సరిపోయింది," అన్నారు ఆయన, ముందే తయారుగా పెట్టుకున్న జవాబులా. ఆ లెక్కలో జల్లెడకి ఉన్నన్ని చిల్లులు ఉన్నాయి. సెంటీమీటరు తేడా వస్తే మా చేత రోడ్డంతా మళ్ళీ కొలిపించే మనిషి ఆ చిల్లులు చూడలేదంటే ఎలా నమ్మాలి? కానీ ఒకటి మాత్రం నాకు స్పష్టంగా అర్థమైంది. వాచీలో నాలుగు నిమిషాల లోపు అంకె కనబడిన రోజున, ఆయన తన స్నేహితుణ్ణి తానే చంపానని తీర్మానించుకుంటారు. ఆ అంకె కోసం చలికాలమంతా కాళ్ళు అరగదీసుకుంటున్నారు. ఇంకా మూడు సెకన్లే మిగిలాయి.

ఆయన్ని ఇంటి దగ్గర దింపాక చూస్తే ఆకుపచ్చ పుస్తకం పికప్‌లోనే ఉండిపోయింది. ఫ్లాట్‌కి తెచ్చుకుని మొదటిసారి తీరిగ్గా తిరగేశాను. ప్రతి పేజీ అడుగునా సరిచూసినవారి ఖాళీలో ఒకే గుండ్రటి సంతకం ఉంది. నేను వేసిన దారి ఉన్న చివరి పేజీలో మాత్రం ఆ ఖాళీ అలాగే ఉంది. సరిచూసేలోపే ఆ మనిషి పోయాడు. తర్వాత గళ్ళ మీదికి చూపు పోయింది, పోయి అక్కడే ఆగిపోయింది. చివరి గడికి ముందు ఇంకో దూరాల గడి ఉంది. ఆ రెంటి మధ్యా వాలు కోణాలు ఉన్నాయి. ముందు గడిలో ప్రతి అంకె చివరి గడి కన్నా కాస్త ఎక్కువ.

సర్వే తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. మెట్లెక్కినవాడు నడిచిన దూరం వేరు, పటంలో ఆ మెట్లు ఆక్రమించే చోటు వేరు. పటంలోకి ఎప్పుడూ ఆ తక్కువ దూరమే ఎక్కుతుంది. నేను పటానికి పనికొచ్చే అంకెలతో మనిషి పరుగెత్తే దారి వేశాను. భాష తెలియకపోయినా కోణాలు చూసి ఏ గడి ఏదో పసిగట్టవలసింది. ఇంజనీరింగ్ రెండో ఏడు కుర్రాడైనా చెయ్యకూడని తప్పు అది. కూడి చూస్తే కొండదారి అసలు పొడవు ఎనిమిది వందల తొంభై ఆరు వచ్చింది. నా చేతకానితనం వల్ల ఆయన ఇరవై ఆరు మీటర్లు తక్కువ పరుగెత్తి, ఆ తక్కువతోనే తనని తాను దోషిగా నిలబెట్టుకోబోతున్నారు.

మర్నాడు పుస్తకం ఆయన బల్ల మీద పెట్టేశాను. అప్పుడే చెప్పేస్తే అయిపోయేది. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు సాకులు వెతకను. భయం. మూర్తి సార్ దగ్గర ఇంత తప్పు ఒప్పుకోవడమంటే కాలరు పట్టుకుని బయటికి గెంటించుకోవడమేనని భయం. రెండో భయం, ఆయన వినరని. తన మీద తీర్పు తేలికయ్యే మాట ఏది చెప్పినా ఆ మనిషి పుచ్చుకునేలా లేరు. అందుకని గురువారం డ్యూటీ అయ్యాక పోశెట్టిని తీసుకుని వెళ్ళాను. నిజానికి ప్రతి పెగ్గునీ దాని వాలు ప్రకారం విడివిడిగా జరపాలి. అంత వెలుతురు లేదు. అంచు పెగ్గు ఒక్కటి పీకి ఇరవై ఆరు మీటర్లు అవతల పాతాం.

"సారుకు జెప్పకుండనే?" అన్నాడు పోశెట్టి.

"చెప్పకుండానే."

"మంచిదో చెడ్డదో నాకైతె సమజైతలేదు," అంటూనే సుత్తి ఎత్తాడు. మూడు దెబ్బలు గట్టిగా, నాలుగోది మెల్లిగా. పాత గుంతలో మట్టి నింపి, బూటుతో రాసి, జాడ తెలియకుండా చదును చేశాను. చేస్తుండగానే తట్టింది, మన్సూరా కొట్లో తిరిగి ఇచ్చేసిన రబ్బరు మళ్ళీ చేతిలోకి వచ్చిందని.

మర్నాడు చలిగా ఉంది, గాలి లేదు. ఆయన ఎప్పటికన్నా తేలిగ్గా పరుగెత్తారు. తల వంచవలసిన చోట వంచారు, తాడు పట్టవలసిన చోట పట్టారు. నేను అంచు దగ్గర వాచీతో నిలబడ్డాను. పూడ్చిన గుంత మీదికి ఆయన వచ్చేసరికి నా కళ్ళు వాచీ మీదే ఉన్నాయి. మూడు నిమిషాల యాభై ఎనిమిది. అక్కడ ఆయన అడుగు ఒక్క లిప్త తడబడింది. ఆగిపోతారనుకున్నాను. ముందున్న పెగ్గు వైపు చూసి, అలాగే పరుగెత్తుతూ వచ్చి దాన్ని దాటారు. నాలుగు నిమిషాల అయిదు సెకన్లు.

చెప్పాను. ఆయన పెగ్గు పక్కన నేల మీద కూర్చుని, దాని నెత్తి మీద అరచెయ్యి పెట్టారు. వెనక్కి, తను వచ్చిన దారి వైపు చూశారు. ఎన్ని వారాలు ఆ దారిని కాళ్ళతో కొలిచారో ఆయనకే తెలుసు. పోశెట్టి పికప్ దగ్గరికి పనున్నట్టు వెళ్ళిపోయాడు.

"పెగ్గు కదిలిందా శేషూ?"

"లేదు సార్."

అంత తొందరగా నా నోట ఏ జవాబూ ఎప్పుడూ రాలేదు. ఆయన నా ముఖంలోకి చూశారు. కోపం లేదు. ఏదో చెబుతానని ఎదురుచూస్తున్నట్టు కాసేపు అలాగే చూసి, లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. "సరే. ఎండెక్కుతోంది, పదండి," అన్నారు. మళ్ళీ ఏ శుక్రవారమూ ఆయన అక్కడికి రాలేదు. వేసవి వచ్చేలోపు ఇసుక గాలికి పెగ్గులు సగం కప్పబడిపోయాయి. మరో రెండేళ్ళకి ఉద్యోగం మానేసి విజయనగరం వెళ్ళిపోయారు. వెళ్ళేనాటికి నన్ను పనిలో తనంతవాణ్ణి చేశానని నలుగురి ముందూ అన్నారు. ఆ మాటకి నాకు సంతోషం కలగాలి. నేను ఆయన పెట్టెలు పికప్‌లోకి ఎక్కించడానికి వెళ్ళిపోయాను.

నేను నిజం పాతి, అబద్ధం చెప్పాను. ఆ దూరం సరైనదే. "గడి తప్పు చూశాను సార్, ఇది అసలు దూరం" అని ఒక్క మాట అని ఉంటే, ఆ నాలుగు నిమిషాల అయిదు సెకన్లు ఆయనకి నికార్సుగా దక్కేవి. లేదు సార్ అనడంతో అది నేను జాలిపడి పడేసిన ముష్టిలా అయిపోయింది. ఆయన దాన్ని నమ్మారా? నమ్మినట్టు నటించారా? నా మీద విసుగొచ్చి మానేశారా? అసలు ఆయనంతటి మనిషి మొదటి సాయంత్రం ఆ దారి నడిచి ఊఁ అన్నప్పుడే ఇరవై ఆరు మీటర్లు తక్కువని పట్టుకోలేదా? పట్టుకుని, చలికాలమంతా తక్కువ దూరమే పరుగెత్తారా? ఏళ్ళ తరబడి ఈ ప్రశ్నలు నమిలాను, ఒక్కటీ మింగుడుపడలేదు.

మూర్తి సార్ పోయాక సుభద్రమ్మ గారు నాకు ఒక పొట్లం పంపారు. ఆకుపచ్చ పుస్తకం. దాంతో చిన్న ఉత్తరం. "ఇది నీకు ఇమ్మన్నారు. దోహాలో మీరు పరుగెత్తిన ఆ చలికాలం తర్వాత రెండు వందల నలభై లెక్కపెట్టడం మానేశారు నాయనా. ఎందుకో నీకు తెలిసే ఉంటుంది. నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు." చివరి పేజీ తీశాను. ఎనిమిది వందల డెబ్బై మీద ఒక్క గీత, కింది అంకె కనబడుతూనే ఉంది. పైన ఎనిమిది వందల తొంభై ఆరు, పక్కన ఆయన సంతకం. తేదీ లేదు. తేదీ లేని దిద్దుబాటు ఆయన చేతిది నేను చూసింది అదొక్కటే. దాని కింద తెలుగులో, "పెగ్గు జరిగింది. జరగవలసిన చోటికే జరిగింది" అని ఉంది. పేజీ అడుగున, అన్నేళ్ళూ ఖాళీగా ఉన్న చోట, సరిచూసినవారు అన్నదాని ఎదురుగా, "శేషు" అని ఆయనే రాసి, సంతకానికి చోటు వదిలారు.

అప్పుడు తెలిసింది, ఆయన తనని తాను ఎందుకు విడిచిపెట్టుకోలేకపోయారో. ఆయన కొలిచింది ఆయనే సరిచూడకూడదు. వేరే చెయ్యి కావాలి. ఆ చెయ్యి కోసం ఒక చలికాలం ఎదురుచూశారో, అనుకోకుండా దొరికితే పుచ్చుకున్నారో చెప్పలేను. అది నా చెయ్యే కావడం, ఆ చేతితోనే గుంత పూడ్చి చదును చెయ్యడం, రెండూ నిజమే.

ఇన్నేళ్ళూ ఆ చోట సంతకం పెట్టలేదు. పెడదామని కలం తియ్యడం, "పెగ్గు కదిలిందా" అన్న ప్రశ్న వినబడి మళ్ళీ మూసెయ్యడం. ఈ ఉదయం ఆ సుత్తి చప్పుడు అయ్యాక లోపలికి వెళ్ళి బీరువాలోంచి పుస్తకం తీశాను. కాఫీ చల్లారిపోతోందని మా ఆవిడ రెండుసార్లు పిలిచింది. చివరి పేజీలో మిగిలిన కాస్త చోట "లేదు సార్" అని రాశాను. దాని మీద ఒక్క గీత కొట్టాను, కింద మాట కనబడేలా. పైన "నేనే కదిపాను సార్" అని రాసి, ఈ రోజు తేదీ వేసి, ఆయన వదిలిన చోట సంతకం పెట్టాను.